అక్క ముందే కొనుక్కున్న బూట్లు

అక్క యాభై దాటాక పెళ్ళి చేసుకుంది. దాన్ని చెల్లెలు, అంటే చిన్నది, తట్టుకుంది. తనతో మాటమాత్రమైనా అనకుండా అక్క బూట్లు కొనుక్కుంది. దాన్ని మాత్రం తట్టుకోలేకపోయింది.

పైకి అంటే ఎవరైనా నవ్విపోతారు. అందుకే ఎవరితోనూ అనలేదు. కర్టెన్లు కుట్టే కార్ఖానాలో బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తూ, కత్తెర కరకరలాడుతున్నంతసేపూ ఆ మాటే నములుకుంటూ ఉండేది.

ఇంట్లో ఇద్దరే ఆడపిల్లలు. పెద్దది, చిన్నది అని పిలిచేవారు. అమ్మా నాన్నా పోయాక పెద్దదాన్ని పెద్దది అనేవాళ్ళు లేకపోయారు గాని, చిన్నది మాత్రం నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా చిన్నదిగానే మిగిలిపోయింది. నాన్న ఇద్దరికీ వదిలిపెట్టిన ఆస్తి ఒక్కటే, ఆయన పాదాలు. వేళ్ళ దగ్గర చేటంత వెడల్పు, మడమ దగ్గర గరిటె కాడంత సన్నం. "మీ నాన్న ఏం సంపాయించాడో నాకు తెలీదు గాని, ఉన్న ఆ పాదాలు మాత్రం ఇద్దరికీ సమంగా పంచాడు" అనేది అమ్మ.

అందుకని చెప్పులు కొనడమంటే అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒక యాత్ర. ఒకరి కాలికి సరిపోతే రెండోవారు తొడిగి చూడనక్కర్లేదు. అక్క దుకాణంలో మొహమాటం లేకుండా కూర్చుని, కాలు ముందుకి చాచి, "ఇవి కాదు బాబూ, మగవాళ్ళవి తియ్యండి" అనేది. చిన్నది ఆమె వెనక నిలబడి, అద్దంలో తన పాదాలు కనపడకుండా చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కునేది. అడిగే నోరు అక్కది, తొడుక్కునే కాళ్ళు ఇద్దరివీ. అలా ముప్పై ఏళ్ళు గడిచాయి.

అక్క ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా. పోయిన ఏడాది ఉన్నట్టుండి ఆదివారాలు కూడా పని మొదలైంది. "పరీక్షల గోలే" అని పొద్దున్నే పెద్ద సంచీ భుజాన వేసుకుని వెళ్ళేది. సాయంత్రం ఎండకి మొహం కందిపోయి వచ్చేది. కాని అలసిపోయినట్టు ఉండేది కాదు. చిన్నది వేడినీళ్ళు కాచిపెట్టి, "నీ పేపర్లు పాడుగాను, నీ రక్తం పీల్చేస్తున్నాయే" అని స్కూలుని తిట్టిపోసేది. అక్క నవ్వి ఊరుకునేది.

ఒక రోజు భోజనాలయ్యాక అక్క గిన్నెలు తీయకుండా అక్కడే కూర్చుంది.

"నీకొకటి చెప్పాలే."

చెప్పింది. ఒకాయన ఉన్నాడు. కారు నడపడం నేర్పుతాడు. భార్య పోయి చాలాకాలమైంది. మంచివాడు. ఆదివారాలు కొండలెక్కుతాడు. వచ్చే నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడతారు.

చిన్నది కాసేపు కంచంలో వేలితో గీతలు గీసింది.

"అయితే ఆదివారాలు..."

"కొండలకే వెళ్ళేదాన్ని."

"ఏం వేసుకుని?"

అక్కకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత అర్థమయ్యింది. తల దించుకుంది.

"బూట్లు కొనుక్కున్నాను. ఆయనింట్లో పెట్టుంచాను."

చిన్నది లేచి గిన్నెలు తీసింది. "మంచిదేగా అక్కా" అంది. మంచిదే. కాదని ఎవరంటారు? పెళ్ళినాడు తనే దగ్గరుండి అక్క జడ వేసింది, సాక్షి సంతకం పెట్టింది, బావగారి వేళాకోళాలకి నవ్వింది. అక్క సామాను కారులో సర్దింది కూడా తనే. కారు మలుపు తిరిగాక మూడో అంతస్తు ఎక్కి, తలుపు ముందు నిలబడి బెల్లు నొక్కింది. నొక్కాక గుర్తొచ్చింది, లోపల తీసేవాళ్ళు లేరని. తాళంచెవి సంచీ అడుగున ఉంది. వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఇల్లు ఇద్దరికి ఇరుకు. ఒకరికి మాత్రం ఎంత పెద్దదో! టీ గిన్నెలో ఎన్ని నీళ్ళు పోసినా ఎక్కువయ్యేవి. టీవీ పెట్టేది గాని, చూసేది కాదు, పక్క గదిలోకి వెళ్ళి దాన్ని వినేది. స్నానాల గది తలుపు వేసుకోవలసిన అవసరం లేదని తెలిసిన రోజున, పట్టుదలగా గడియ కూడా పెట్టుకుంది. కార్ఖానాలో మాటలకేం కొదవ లేదు. కాని ఇంటికొచ్చి, "ఇవాళ ఏమైందో తెలుసా" అని మొదలెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఊరికి అటు చివర ఉంది, రెండు బస్సులు మారాలి.

చలి తగ్గాక అక్క ఫోను చేసింది.

"ఈ ఆదివారం కొండకి రావే. చిన్నదే, నువ్వు ఎక్కగలవు."

వెనకనించి బావ ఫోను లాక్కున్నాడు. "మరదలా, భయపడకు. మొదటి గేరులోనే తీసుకెళ్తా. క్లచ్చి వదలను!"

"మీరు వదలరు బావగారూ, నా మోకాళ్ళే వదిలేస్తాయేమో."

అక్క మళ్ళీ ఫోను తీసుకుంది. "నా పాత బూట్లు ఒక జత ఉన్నాయి. పట్టుకొస్తా, నీకు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి."

"వద్దు. నేను కొనుక్కుంటాను."

"అయితే శనివారం దుకాణానికి నేనూ వస్తానుండు."

"ఎందుకూ, నాకు నోరు లేదా?"

ఆ మాట కాస్త పదునుగానే తగిలింది. అక్క "సరేలే" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు పనికి వెళ్ళేముందు పొద్దున్నే చిన్నది దుకాణానికి వెళ్ళింది. అద్దాల తలుపులు, లోపల చల్లగా, కొత్త రబ్బరు వాసన. ఒక గోడనిండా కొండలెక్కే బూట్లు. వెడల్పువి కావాలని అడుగుదామనే బయల్దేరింది. దారిపొడుగునా ఆ మాట నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. తీరా కూర్చునేసరికి పక్క బల్ల మీద ఒకావిడ కాలు చాచి ఉంది. తామర రేకులాంటి సన్నటి పాదం. ఏ జోడు తొడిగినా సర్రున దూరిపోతోంది. చిన్నదాని నోరు పెగల్లేదు.

"ఆడవాళ్ళలో ఇదే బాగా పోతోంది మేడమ్" అని అమ్మకాలమ్మాయి ఎర్రమట్టి రంగు బూట్లు తెచ్చింది. దుకాణం వాళ్ళ పల్చటి మేజోళ్ళు ఇచ్చింది. కాలు దూరింది గాని, చిటికెన వేలు పక్క వేలిమీదికి ఎక్కి కూర్చుంది.

"కొంచెం పట్టేస్తున్నట్టుందమ్మా."

"కొత్తవి కదా మేడమ్. వాడగా వాడగా సాగుతాయి."

బూట్లు సాగేలోపు ఎవరి ప్రాణాలు సాగుతాయో ఆ అమ్మాయి చెప్పలేదు. చిన్నది అద్దం ముందు నిలబడింది. ఆ రంగు, ఆ కుట్టు, ఆ సన్నదనం! నాన్న పాదాలు మాయమైపోయి ఎవరివో అందమైన పాదాలు వచ్చి చేరినట్టున్నాయి. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. ఇవి అక్కకి పట్టవు అనుకుంది. అనుకున్నాక తనకే సిగ్గేసింది. అయినా కొనేసింది.

ఆదివారం అక్కా బావా కారులో వచ్చి తీసుకెళ్ళారు. కొండ దూరంనించి చూస్తే పడుకున్న పిల్లిలా నున్నగా ఉంది. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? దగ్గరికి వెళ్తే అంతా రాళ్ళూ, చెట్ల వేళ్ళూ, జారే గులకా. బావ ఎర్రటోపీ పెట్టుకుని ముందు నడిచాడు. నడుస్తూ కూడా ఆయన కుడికాలు అప్పుడప్పుడూ నేలని గట్టిగా తొక్కేది. నేర్పేవాడి కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటుందని అక్క నవ్వింది. "ఇదిగో మరదలా, ఇక్కడ మలుపు, హారన్ కొట్టు!" అనేవాడు. చిన్నదీ నవ్వింది. ఎక్కేటప్పుడు పెద్ద బాధ తెలియలేదు. ఊపిరి పని ఊపిరిది, కాళ్ళ పని కాళ్ళది.

ఒకచోట ఎత్తయిన రాతి మెట్టు వచ్చింది. బావ పైకెక్కి, వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి కిందికి చాచాడు. అక్క కూడా తల ఎత్తకుండానే ఆ చెయ్యి పట్టుకుంది. అంతే. అందులో ఏముంది? కాని చిన్నది ఆ మెట్టు ముందు కాసేపు ఆగిపోయింది. తర్వాత బావ తనకీ చెయ్యి అందించాడు, "జాగ్రత్త, జాగ్రత్త" అంటూ, తనకేసే చూస్తూ. చుట్టానికి అందించినట్టు.

కొండమీద గాలి హోరు. కింద ఊరు అగ్గిపెట్టెలు పరిచినట్టుంది. రొట్టె ముక్కలు తిన్నారు. అక్కా బావా బూట్లు విప్పి కాళ్ళు గాలికి పెట్టారు. చిన్నది విప్పలేదు. విప్పితే మళ్ళీ తొడగలేనని అప్పటికే తెలుస్తోంది.

దిగడం మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి. అడుగు వేసినప్పుడల్లా ఒంటి బరువంతా వేళ్ళమీదికి జారి, వేళ్ళు బూటు ముక్కుకి వెళ్ళి గుద్దుకుంటున్నాయి. చెప్పు కరవడం ఆమెకి కొత్త కాదు. చెప్పు కరిస్తే చేతిలో పట్టుకుని నడవచ్చు. ఇవి కరుస్తున్నవి కావు, నములుతున్నవి. పళ్ళ బిగువున కొంత దూరం దిగింది. పక్కవాటుగా అడుగులు వేసి చూసింది. వెనక్కి తిరిగి దిగి చూసింది. సగం దారిలో చెట్లకింద చదును కనిపించగానే, "మీరు పదండి, నేను కాస్సేపు కూర్చుని వస్తా. ఇక్కడ బాగుంది" అంది.

"కారు వీలైనంత పైకి తెస్తాను, నెమ్మదిగా రండి" అని బావ వెళ్ళాడు. అక్క ఒక క్షణం నిలబడి చూసి, ఆయన వెంట వెళ్ళింది. వాళ్ళ మాటలు కాసేపు వినిపించాయి. తర్వాత నవ్వులు మాత్రమే. తర్వాత అవీ లేవు.

చిన్నది తాళ్ళు విప్పింది. బూటు ఊడదీస్తే మేజోడు వేలికి అంటుకుపోయి ఉంది. ఎర్రగా తడిసింది. ఎవరూ లేరు కదా అని ఏడ్చింది. ఏడుపు వేళ్ళగురించి మొదలైంది గాని, వేళ్ళ దగ్గర ఆగలేదు. టీ గిన్నె దాకా వెళ్ళింది, బెల్లు దాకా వెళ్ళింది.

గులకరాళ్ళ చప్పుడు. అక్క రొప్పుకుంటూ వెనక్కి ఎక్కి వస్తోంది.

"బాగుంది, బాగుంది అంటే అనుకున్నానే... ఏదీ, చూడనీ. అయ్యో! అయ్యో, ఇదేం కాలే నీది! ఇంత అయ్యేదాకా నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పావా?"

అక్క చేతిలో ఆ పాదం అలాగే ఉండిపోయింది. ఏం చెప్పలేదని అడుగుతోందో అక్కకి వేరే చెప్పక్కర్లేదు. సంచీలోంచి గుడ్డ తీసి, నీళ్ళతో తడిపి వేళ్ళు తుడవసాగింది.

"చెబితే నువ్వూ వస్తానంటావని చెప్పలేదు" అంది అక్క, తల ఎత్తకుండా. "నీమీద కోపమేం లేదే. నువ్వు పుట్టింది మొదలు మనిద్దరం ఒక్క గదిలో పడుకున్నాం, ఒక్క జతే తొడిగి చూసుకున్నాం. ఒక్కసారి, ఒక్కదాన్నే ఎక్కడికైనా వెళ్ళాలనిపించింది. మొదట ఆయన కూడా లేడు. నేనొక్కదాన్నే ఎక్కాను. నీకు చెప్పుంటే నీ మొహం చూసి మానేసేదాన్ని."

"మానేసేదానివే" అంది చిన్నది.

"మానేసుంటే ఆయన తారసపడేవాడు కాదు."

"అవును."

అక్క మాట చిన్నదాని గుండెలో గుచ్చుకుంది. కాని అబద్ధంలా గుచ్చుకోలేదు. నిజం వేరేలా గుచ్చుకుంటుంది, చుట్టూ వాపు ఉండదు.

అక్క తన బూట్లు విప్పి ముందు పెట్టింది. చిన్నది ఈసారి వద్దనలేదు. కాలు పెట్టగానే, వేళ్ళు ఒకదానికొకటి దూరంగా జరిగి, ఎవరి చోట అవి కూర్చున్నాయి. లోపల అక్క కాళ్ళ వెచ్చదనం ఇంకా ఉంది. అక్క ఒకదానిమీద ఒకటి రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని, చెల్లెలి భుజం పట్టుకుని, రాళ్ళమీద "అమ్మా, అబ్బా" అంటూ దిగింది. కింద బావ చూసి, "ఇదేం విడ్డూరం! బండి ఒకరిది, టైర్లు ఇంకొకరివా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోతే ఆయనే గమనించి, కారు తలుపు తీశాడు.

"ఉంచుకోవే, నేను ఇంకో జత కొనుక్కుంటాలే" అంది అక్క, ఇంటి ముందు దింపుతూ.

చిన్నది ఉంచుకోలేదు. మట్టి దులిపి, తుడిచి, లోపల కాగితాలు కుక్కి ఆరబెట్టి, రెండు బస్సులు మారి వెళ్ళి ఇచ్చి వచ్చింది.

బొటనవేలి గోరు నల్లబడి, కొన్నాళ్ళకి ఊడిపోయింది. కొత్త గోరు సగం మొలిచాక మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళింది. ఈసారి పొద్దున కాదు. పొద్దంతా కార్ఖానా బల్ల ముందు నిలబడి, పాదాలు పొంగిన పూరీల్లా అయ్యాక సాయంత్రం వెళ్ళింది. సంచీలో మందపాటి ఉన్ని మేజోళ్ళు తీసుకెళ్ళింది. బల్లమీద కూర్చుని కాలు ముందుకి చాచింది.

"వెడల్పువి కావాలమ్మా. ఇదిగో చూడు, ముందు చేట, వెనక గరిటె."

ఆ అమ్మాయి కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నవ్వు తల్లీ, నేనూ నవ్వుతున్నాగా" అంది చిన్నది. నోరు ఇంత సులువుగా పెగులుతుందని తెలిస్తే ఎప్పుడో అడిగేది.

మొదటి జత ముందు బాగుంది, మడమ దగ్గర లేచిపోతోంది. రెండోది ఒళ్ళంతా ఇనుములా బరువు. మూడోదానికి లోపల ఏదో కుట్టు చిటికెన వేలికి ఒరుసుకుంటోంది. అమ్మాయి విసుక్కోలేదు గాని గడియారం వంక చూసింది. చిన్నది పట్టించుకోలేదు. చివరికి పై అరలోంచి బూడిదరంగువి తీయించింది. పడవల్లా ఉన్నాయి. అందమనేది వాటి ఛాయలకి కూడా రాలేదు.

"అవి మగవాళ్ళవి మేడమ్."

"నా కాలికి ఆ తేడా తెలీదులే."

తొడిగి నిలబడింది. వేళ్ళు లోపల వీణ వాయించినట్టు ఆడించి చూసింది. కాలు ముందుకి తోసి, మడమ వెనక వేలు పెడితే సందు సరిపోయింది. దుకాణం మూల చెక్కతో కట్టిన ఏటవాలు దిమ్మ ఉంది, కొండ దిగుతున్నట్టు నడిచి చూడటానికి. పోయినసారి దానివంకే చూడలేదు. ఇప్పుడు దానిమీద ఎక్కి దిగింది. వేళ్ళు ముక్కుకి తగల్లేదు. చీలమండ దగ్గర తాడు బిగించి, ముందు వదులుచేసి మళ్ళీ దిగింది. మడమ కదల్లేదు. "ఎలా ఉన్నాయే?" అని అడిగేవాళ్ళ కోసం అలవాటుగా వెనక్కి తిరిగింది. అద్దం ఉంది.

"ఇవే ఇవ్వమ్మా" అంది.

కొత్త బూట్లతో ఏకంగా కొండకి పోకూడదని ఈసారి బుద్ధి తెచ్చుకుంది. వారంపాటు ఇంట్లోనే తొడుక్కుని తిరిగింది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, టీవీ గదిలోంచి వంటగదికి, వంటగదిలోంచి టీవీ గదికి. కింది అంతస్తు ఆవిడ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది.

"ఇంట్లో చాలామంది నడుస్తున్నట్టుంది, చుట్టాలొచ్చారా అండీ?"

"లేదండీ. నేనే."

ఆవిడ చిన్నదాని కాళ్ళకేసి చూసి, "బాగున్నాయండీ" అని దిగిపోయింది.

తర్వాతి ఆదివారం అక్కా బావా ఎవరింటికో వెళ్ళాలి. "కొండకి పైవారం వెళ్దాంలే" అంది అక్క. చిన్నది "సరే" అంది. కాని పొద్దున మెలకువ వచ్చేసరికి ఇల్లంతా ఎదురుగా పడి ఉంది, సాయంత్రం దాకా. లేచి రొట్టె కట్టుకుని, నీళ్ళసీసా సంచీలో పడేసుకుని బస్సెక్కింది.

ఒంటరిగా ఎక్కుతుంటే కొండ వేరుగా ఉంది. తన ఊపిరి తనకే వినపడుతోంది. ఎత్తు మెట్టు దగ్గర చేతులు రెండూ రాతిమీద ఆన్చి, మోకాలు పెట్టి, చిన్నపిల్లలా పాకి ఎక్కింది. చూసేవాళ్ళు లేరు కాబట్టి సిగ్గుపడలేదు, అందించేవాళ్ళు లేరు కాబట్టి ఆగనూ లేదు. పైకి చేరాక గాలికి ఎదురుగా నిలబడింది. కింద ఊరిమీద మబ్బు నీడ ఒకటి పాకుతూ పోతోంది. ఇళ్ళు ఒక్కొక్కటే చీకటి పడి మళ్ళీ వెలుగుతున్నాయి. "అక్కా, చూడవే" అనేసింది, పైకే.

గాలి దాన్ని పట్టుకుపోయింది.

రాతిమీద కూర్చుని బూట్లు విప్పి, పాదాలు ఎండకి పెట్టింది. అక్క మొదటిరోజు ఇక్కడే కూర్చుని ఉంటుంది. ఎవరూ లేకపోవడం కోసం ఇంత దూరం ఎక్కి వచ్చి ఉంటుంది. అక్క వెతుక్కుంటూ వచ్చిన ఆ ఒంటరితనం తనకి ఇంటినిండా ఉంది, ఎక్కి రానక్కర్లేదు. ఒక్కటే వస్తువు ఒకరికి ఎందుకంత తీపి, ఇంకొకరికి ఎందుకంత చేదు? పాదాలు ఒకలాంటివే ఇచ్చిన నాన్న, మనసులు మాత్రం వేరు చేసి ఇచ్చాడు. ఈ సంగతి తెలియడానికి ముప్పై ఏళ్ళ చెప్పుల దుకాణాలు చాలలేదు. అక్కమీద ఉన్న గుర్రు అక్కడ కూర్చున్నప్పుడే తగ్గింది. అక్క లేని వెలితి మాత్రం కొంచెం కూడా తగ్గలేదు. రెండూ ఒకటేనని ఇన్నాళ్ళూ అనుకుంది.

దిగేటప్పుడు వేళ్ళు నొప్పెట్టలేదు. మోకాళ్ళు వణికాయి, అది వయసు పని, బూట్లు ఏం చేస్తాయి?

ఇంటికి చేరి తాళం తీసుకుని, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే ఫోను మోగింది.

"ఏం చేశావే ఇవాళ?"

"కొండకెళ్ళాను."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"కాళ్ళెలా ఉన్నాయి? మడమ లేస్తోందా?"

"లేవట్లేదు. తాడు పైన బిగించి, ముందు వదిలేశాను."

"ఓసి, అవునా! నాకు కుడి మడమ ఇప్పటికీ లేస్తోందే. ఎలా కట్టావో చెప్పు."

చెప్పింది. ఏ కన్నంలోంచి ఏ కన్నంలోకి తాడు పోవాలో, ఎక్కడ ముడి పడాలో చేతులు గాలిలో ఆడిస్తూ చెప్పింది. అటునించి అక్క బూటు తెచ్చుకుని కడుతున్నట్టుంది, "ఆఁ, తర్వాత?" అంటోంది. చాలారోజుల తర్వాత అలా మాట్లాడుకున్నారు, పనికిమాలిన మాటలు, పాదాల గురించి. ఇంతలో వెనకనించి బావ అన్నానికి పిలిచాడు. "మళ్ళీ చేస్తానే" అని అక్క పెట్టేసింది.

ఆ తర్వాత కూడా చిన్నది కొండకి వెళ్తూనే ఉంది. కొన్ని ఆదివారాలు వాళ్ళతో, ఎక్కువ ఆదివారాలు ఒక్కతే. మరి ఒంటరితనం అలవాటయిందా అంటే, లేదు. కొండమీద అలవాటయింది గాని, ఇంట్లో ఇంకా కాలేదు. మొదటిసారి ఒక్కతే ఎక్కి వచ్చిన ఆ సాయంత్రం మాత్రం ఫోను పక్కన పెట్టి, నీళ్ళు చల్లారేదాకా అలాగే కూర్చుంది. టీవీ పెట్టలేదు. మెట్లమీద ఎవరో ఎక్కుతున్న చప్పుడయింది. రెండో అంతస్తు దగ్గరే ఆగిపోయింది, తన మూడో అంతస్తు దాకా రాలేదు.